మా ఇల్లు పాఠం

కుర్చీ ఉండె సారూ, లేదనుకోకుండ్రి. మిలిటరీ క్యాంపోళ్లు తీస్కపోయిన్రు. గదుగో, దొర గడి దర్వాజ కాడ సంత్రి కూసున్నడు సూడుండ్రి, అదే మన బడి కుర్చీ. అడిగితె ఇస్తరు, మర్యాదస్తులే. గని ఎందుకు అడగాలె? ఈడ కూసునేటోళ్లు ఎవరున్నరు?

మీరు గా గడ్డి మోపు మీద కూసోండ్రి. జర దులుపుకోండ్రి, ఇది గుర్రాల కొట్టం గద, ఎంత ఊడ్చినా పొట్టు పోదు.

పిల్లలేరి అంటున్నరా?

చెప్త సారూ. గందుకే వచ్చిన్రు గద మీరు కోదాడ నుంచి ఎండల పడి. చెప్త. గని నడుమల ఆపకుండ్రి. ఆపితె మర్శిపోత. ఈ నడుమ నాకు గట్లనే అయితున్నది. అన్నం వండుత, తినుడు మర్శిపోత. తల దువ్వుకుందామని దువ్వెన పట్టుకుంట, గట్లనే కూసుంట.

నన్ను గుర్తుపట్టలే గద మీరు? నేను మిమ్ములను బండి దిగంగనే గుర్తుపట్టిన. నేను సుగుణమ్మను సారూ. త్రిపురారం కాడ మిషన్ గుడి ఉపదేశి రాజారత్నం బిడ్డను. పోయిన చలికాలం హైదరాబాదుల, యూనివర్సిటీ షామియానా కింద నన్ను ఈ కొలువుకు ఎంచింది మీరే.

ఆఁ... ఇప్పుడు యాదికొచ్చిందా? గప్పుడు నేను జర నిండుగుంటి. గందుకే పోల్చలేకపోయిన్రు.

ఎంత సందడి సారూ గా దినాలు! యూనియన్ మిలిటరీ వచ్చి నిజాం సర్కారు లొంగిపోయినంక మా కాలేజీల ఏం జరుగుతదో, పరీక్షలు ఉంటయో లేవో ఎవ్వరికి తెల్వకుండె. ఇంతల జల్సా అన్నరు. ఆటలు, పాటలు, ఉపన్యాసాలు. ఆఖరి దినం కొత్త సర్కారు అఫ్సర్లే కాలేజీకి వస్తరు, సదువు అయిపోవచ్చినోళ్లకు ఆడనే నౌకర్లు ఇస్తరు అన్నరు. మా హాస్టలు పిల్లలం నమ్మలే. కొలువు మన కాడికి నడిచి వచ్చుడు ఏడన్న ఉన్నదా?

వచ్చింది సారూ. షామియానా ఏసి మేజాలు పెట్టిన్రు. రెవెన్యూ మేజ కాడ మొగపిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నరు. పోలీసు మేజ కాడ ఛాతీలు కొలుస్తున్నరు. మీ తాలీమాతు, గదే సదువుల శాఖ, మేజ ముంగట మాత్రం ఎవ్వరు లేకుండె. మీరు ముగ్గురు కూసోని బత్తాయిలు ఒలుసుకుంటున్నరు.

నాతోటి రాధమ్మ ఉండె. మిర్యాలగూడెం వకీలు బిడ్డ. నేను ఏ కులంల పుట్టిన్నో ఎర్కుండి గూడ ఒక్క గదిల నాతోటి పండుకున్నది ఆమె ఒక్కతే. నాకు మంచి చీర లేదని ఆమె జరీ అంచు చీర కట్టించింది. కుచ్చిళ్లు ఆమెనే పెట్టింది. ముందుగాల ఆమెనే అడిగిన్రు మీరు. "ఊళ్లల్లో అల్లర్లు ఇంకా తగ్గలేదమ్మా, క్యాంపులున్నాయి, వెళ్లగలవా?" అన్నరు. రాధమ్మ మా నాయినను అడిగి చెప్త అన్నది. గంతే. ఆమెది అయిపోయింది.

నన్ను అడిగిన్రు. పోత అన్న. ఎవ్వరిని అడగలే. అడిగితె మా నాయిన ఏమంటడో నాకు తెల్సు. ప్రార్థన చేసుకుందాం బిడ్డా, దేవుడు చెప్తడు అంటడు. దేవుడు చెప్పేదాంక షామియానా ఉంటదా?

మీ పక్కన కూసున్నాయన ఉర్దూల అడిగిండు. ఉర్దూలనే చెప్పిన. రెవెన్యూ మేజ కాడున్న మొగపిల్లలు గూడ ఇటు తిరిగి సూసిన్రు. అప్పుడు మీరన్నరు, "మేం ముగ్గురం ఎప్పుడూ నోరు విప్పని పిల్లలం అనుకోమ్మా. మాకొక పాఠం చెప్పు" అని.

మిషన్ బడిల మా మిస్సమ్మ మాకు చెప్పిన మొదటి పాఠం యాదికొచ్చింది. మా ఇల్లు. పలక లేదు, పుస్తకం లేదు. పిల్లను లేపి, మీ ఇంట్ల ఎవరెవరుంటరు బిడ్డా, పొద్దుగాల ఎవరు ముందు లేస్తరు, ఎవరు ఏడికి పోతరు అని అడుగుడే. ఇంటి ముచ్చట అడిగితె ఎంత బెదురు పిల్లయినా నోరు తెరుస్తది. గదే అడిగిన మిమ్ములను. మీరు చేతులు కట్టుకొని లేసి నిలవడితిరి. "మా ఇంట్లో మా అమ్మా, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ ఉన్నారండీ. పొద్దున్నే మా అమ్మ లేచి అందరినీ తిడుతుందండీ" అంటిరి. షామియానా అంత నవ్వింది. కిష్ణ అవతలి తెలుగు మీది, గిప్పుడు గూడ నా చెవులల్ల ఉన్నది.

గా పాఠం బాగుందన్నరు. నువ్వెక్కడికెళ్లినా ఇదే చెప్పమ్మా అన్నరు.

లే సారూ, మిమ్ములను ఏమంటలే. బాగనే ఉండె. గిప్పటికి గూడ గది మంచి పాఠమే.

కొలువు వచ్చిందని ఇంటికి పోతే మా నాయిన ఆదివారం గుడిల నా పేరు చెప్పిండు. నన్ను కన్న మా అవ్వ నర్సమ్మ నాటేసే కాడికెళ్లి ఉరికొచ్చి, బురద చేతులతోటే నా మొకం పట్టుకున్నది. కడుక్కోని రారాదే అవ్వా అన్న. ఇనలే. బురద ఎండిపోయేదాంక పట్టుకున్నది.

మొగులు పట్టి వానలు పడ్డంక కోదాడల బస్సు దిగి ఈ ఊరికి వచ్చిన. పటేలింట్ల గది కిరాయికి ఇస్తమన్నోళ్లు నా పేరు, నాయిన పేరు ఇన్నంక గొడ్లున్నయి, జాగ లేదన్నరు. సరే అని మావోళ్ల వాడల ఏసమ్మ అనే ముసలామె ఇంట్ల ఉన్న. గది నాకు పరేషాన్ ఏం కాదు సారూ. పుట్టినకాడికెళ్లి అలవాటే.

బడికి జాగ సూపించుమంటె గీ కొట్టం సూపించిన్రు. గడి దొరది. కమ్యూనిస్టు సంఘపోళ్లు జోరు మీదున్నప్పుడు దొర హైదరాబాదుకు పారిపోయిండు. మిలిటరీ వచ్చినంక గడిల క్యాంపు పడ్డది. గుర్రాలు లేని కొట్టం నాకు వచ్చింది. కడిగిన. పేడతోటి అలికిన. ఇగో, గీ గోడ మీద సుద్దతోటి అ ఆ లు రాసిన. ఇంక ఉన్నయి సూడుండ్రి, ఋ కాడ జర చెదిరింది.

పెద్దిండ్లోళ్లు పిల్లలను పంపలే. నేను చెప్తె సదువుకుంటరా? నేను గొల్లోళ్ల ఇండ్లకు పోయిన. ముత్తమ్మ అని ఒకామె ఉన్నది. గొర్లమంద ఉన్నది, ఇద్దరు బిడ్డలున్నరు.

"సదివి ఏం జేస్తదమ్మా? గొర్లకు లెక్క సదువు రావాల్నా?" అన్నది.

"నా లెక్క కొలువు చేస్తది" అన్న.

ముత్తమ్మ నన్ను కింది నుంచి మీది దాంక సూసింది. నా చెప్పులు సూసింది. చేతి గడియారం సూసింది. గది మిస్సమ్మ ఇచ్చింది లెండ్రి. "నిజంగనా?" అన్నది. ఒట్టు అన్న. మర్నాడు ఇద్దరినీ తలకు నూనె రాసి పంపింది. ఆమెను సూసి ఇంకొకరు. మా వాడోళ్లు పంపిన్రు. తండా నుంచి రంగి వచ్చింది.

రంగి లంబాడోళ్ల పిల్ల. గేమ్యా బిడ్డ. ఎవ్వరు రమ్మనలే దాన్ని. మేకలను తోలుకపోతు పోతు గోడ మీది అక్షరాలు సూసి ఆగింది. మర్నాడు మేకలు లేకుంట వచ్చింది. దర్వాజ కాడ, గదుగో గా రాయి మీద కూసునేది. రాసేది సారూ! చెప్తె చెప్పినట్టు రాసేది. నోరు మాత్రం తెరవకపోయేది. తెలుగు సరిగ రాదు, తప్పు మాట్లాడితె పిల్లలు నవ్వుతరని భయం.

గా దినాలు నాకు... ఏమని చెప్పాలె. పొద్దుగాల లేస్తుంటె ఒళ్లు తేలికగుండేది. గంతే చెప్పవస్తది.

సుబేదారు సంగతి అడుగుతున్నరా? గాడికే వస్తున్న.

మంచోడే సారూ. చెడ్డోడని నేను చెప్ప. దొర ఇడిసిపోతె క్యాంపోళ్లు పట్టుకున్న గుర్రం ఒకటి పాత అలవాటుకు మా కొట్టంలకు వచ్చింది. పిల్లలు ఏడుస్తున్నరు, జర తీస్కపోండ్రని నేను పోయి సంత్రికి ఉర్దూల చెప్పిన. సుబేదారు ఇన్నడు. పెద్ద మీసాలాయన, మార్వాడ్ దిక్కోడు. పరుగున బయటికి వచ్చిండు. ఇన్ని నెలలకు నా మాట తెలిసిన మనిషి ఒకరు కనబడ్డరు బెహన్ జీ అన్నడు. ఆయనకు గూడ బిడ్డలున్నరట. మర్నాడు పలకలు పంపిండు, బలపాలు పంపిండు. పిల్లలకు బెల్లం పంపిండు. పగటి యాళ్ల వచ్చి, గా బడి కుర్చీల దర్వాజ కాడ కూసునేటోడు. మాట తెల్వకపోయినా పిల్లలను సూసుకుంట కూసునేటోడు.

నేను సంబురపడ్డ. ఎందుకు పడ? సర్కారు మనిషి మా బడికి వస్తున్నడని ఊళ్లె నాకు ఇజ్జత్ పెరిగింది. పటేలు గూడ ఏమమ్మా బాగున్నవా అనవట్టె.

గప్పుడు జొన్నలు ఎత్తుగ పెరిగినయి. ఊళ్లల్ల వెతుకుడు మొదలైంది. సంఘపోళ్లు దాసుకున్నరని తండాల మీద పడ్డరు. దొరికిన మొగోణ్ణి దొరికినట్టు తోలుకపోతున్నరని తండా మొగోళ్లంత ఇండ్లు ఇడిసిపెట్టిన్రు. గేమ్యా సంఘంల ఉండెనో లేదో నాకు తెల్వదు సారూ. దేవుని తోడు. ఒక్కసారే సూసిన ఆయనను. బిడ్డ పలక మీద రాసింది ఏందని అడిగిండు. రంగి అని రాసింది అన్న. పలక తిప్పి తిప్పి సూసిండు, ఏ దిక్కు పట్టుకోవాల్నో తెల్వక.

గా దినం మా ఇల్లు పాఠం చెప్పుతున్న. ముత్తమ్మ బిడ్డ లేసి గొర్ల ముచ్చట చెప్పింది. ఇంకో పిల్ల మా అవ్వ పొద్దుగాల్నే గట్క వండుతది అన్నది. సుబేదారు కుర్చీల ఉన్నడు. రంగి వంతు వచ్చింది. లేసి నిలబడ్డది, కాలి బొటనేలుతోటి నేల గీకుతున్నది. పిల్లలు నవ్వవట్టిన్రు.

నేనన్న, "తెలుగు రాకపోతే ఏంది బిడ్డా? మీ ఇంట్ల మాట్లాడే మాటల్నే చెప్పు."

గా మాట ఎవ్వరు నేర్పలే నాకు. నాకే తోచింది.

రంగి చెప్పింది సారూ. ముందుగాల మెల్లగ. తర్వాత గడగడ చెప్పవట్టింది. యాడి అన్నది, గది వాళ్ల తల్లి. బాపు అన్నది. చేతులతోటి సూపించింది, గింత రొట్టె, గింత మూట, గిటు దిక్కు. నాకు సగం తెలిసింది, సగం తెల్వలే. తెల్వకపోయినా సంతోషమే. ఇన్ని దినాలకు నోరు తెరిచింది గద పిల్ల! సుబేదారు ముందుకు ఒరిగి ఇంటున్నడు. ఆయన మొకం ఎట్లనో అయింది. తన ఊరు పోయొచ్చినట్టు అయింది. లంబాడోళ్ల మాట ఆయన మాటకు దగ్గరట సారూ. నాకేం ఎర్క? యూనివర్సిటీల గది చెప్పలే.

మర్నాడు తెల్లవారంగ చేన్ల దిక్కు తుపాకి చప్పుడైంది. ఏసమ్మ వాకిలి ఊడుస్తున్నది, చీపురు అట్లనే పట్టుకొని నిలబడ్డది. ఎండ ఎక్కినంక బండి మీద తెచ్చిన్రు. గేమ్యా. ఉరికిండు, కాల్చినం అన్నరు. ఉరికిండో లేదో. మంచె మీద పండుకున్నోడు ఎంత దూరం ఉరుకుతడు?

నాకు అప్పటికి గూడ తెల్వదు సారూ. పాపం రంగి అనుకున్న. గంతే అనుకున్న.

పగటి యాళ్ల సుబేదారు వచ్చిండు. ఇంకొన్ని పలకలు తెచ్చిండు. కుర్చీల కూసోని, "ఆ పిల్ల ఎంత సక్కగ చెప్పింది బెహన్ జీ! వాళ్ల అమ్మ రొట్టెలు కట్టిస్తదట, పిల్లనే మేకల ఎంట పోయి వాగు కాడి జొన్నచేన్ల మంచె మీద బాపుకు ఇచ్చి వస్తదట. మా బిడ్డ గూడ నాకు పొలానికి గట్లనే తెచ్చేది" అన్నడు.

నవ్వుకుంట అనలే సారూ. ఏడ్చుకుంట గూడ అనలే. ఉట్టిగ చెప్పిండు. మనం వాన పడ్డదని చెప్పినట్టు.

తర్వాత అన్నడు, రేపు గూడ గిదే పాఠం చెప్పుండ్రి అని.

పాఠం అయిపోయింది సాబ్ అన్న. "ఏడ అయిపోయింది? ఇంక చెప్పని పిల్లలు చానమంది ఉన్నరు గద. ఒక్కొక్కరిని లేపుండ్రి. పిల్లలు అబద్ధం చెప్పరు" అన్నడు. లేసి పోయిండు.

నేను పలకలు ఎత్తి గోడకు పెట్టిన. నాకు ఏడుపు రావాలె గద? రాలే. వస్తదేమో అని కూసున్న. రాలే. ఇప్పటి దాంక రాలే.

ఆఁ, గిప్పుడు మీరు అడిగింది చెప్త. పిల్లలు రాకపోవుడు కాదు సారూ. జొన్న కోతలకు పోయిన్రని సుబేదారుకు చెప్పిన, పటేలుకు చెప్పిన, గది అబద్ధం. నేనే వద్దన్న. గా పొద్దు గూకకముందే ఇల్లిల్లు తిరిగిన. ఎట్ల పిలిచిన్నో గట్లనే తిరిగిన. మా వాడకు పోయిన, గొల్లోళ్ల ఇండ్లకు పోయిన. మీ పిల్లలను బడికి పంపకుండ్రి అన్న. ఎందుకని చెప్పలే. చెప్తె ఎవరి నోట్లకెళ్లి క్యాంపుల పడుతదో.

ముత్తమ్మ గొర్లకు తుమ్మ కొమ్మలు ఏస్తున్నది. ఇన్నది. కొమ్మ చేతిల పట్టుకొని, "నువ్వే పంపుమంటివి. ఒట్టు పెడితివి. నా పోరి నిద్రల గూడ అక్షరాలు పలుకుతున్నది. ఇప్పుడు నువ్వే వద్దంటివి. మమ్ములను ఏమనుకుంటున్నవమ్మా నువ్వు?" అన్నది.

ఆమె కొమ్మ గొర్లకు ఏసి లోపటికి పోయి తలుపు పెట్టుకున్నది. ఇప్పుడు బాయి కాడ కనబడితె మొకం తిప్పుకుంటది. తిప్పుకోనియ్యుండ్రి. బిడ్డలు ఇంట్లనే ఉన్నరు, గొర్ల ఎంట ఉన్నరు, మొగడు ఉన్నడు.

నేను మాత్రం దినాం వస్త. ఊడుస్త. కూసుంట. పొద్దు తిరిగినంక పోత. సుబేదారు ఒకటి రెండు మాట్ల వచ్చి సూసిండు. కోతలు ఎప్పుడు అయిపోతయి అన్నడు. మా దిక్కు కోతలు లంబ, చాన దినాలు పడుతయి సాబ్ అన్న. తెలిసింది ఆయనకు. గందుకే మీకు చెప్పి పంపిండు. కుర్చీ గూడ గప్పుడే పోయింది.

ఏమన్నరు? సూర్యాపేటకు బదిలీ ఇప్పిస్తరా?

మీరు మంచోళ్లు సారూ. నేను తిడుతరనుకున్న.

పోత. ఎందుకు పోను? సూర్యాపేట పెద్ద ఊరు, బడికి పెంకుల కప్పు ఉంటది, గంట ఉంటది. నన్నెవ్వరు పోల్చరు. మా అవ్వకు చెప్తె పెద్ద బడి ఇచ్చిన్రని సంబురపడ్తది. గని సారూ, ఆడ ఎక్కాలు చెప్త. పొద్దంత ఎక్కాలే చెప్త. ఎక్కాలల్ల ఎవ్వరి నాయిన ఉండడు. మా ఇల్లు పాఠం చెప్పుమని నన్ను అడగకుండ్రి. మీరు అడిగినా చెప్ప.

ఈ బడి పిల్లలు రాక మూతపడ్డదని రాసుకోండ్రి. ఈ ఊరోళ్లకు సదువు మీద మనసు లేదని రాసినా సరే. ఏది రాసినా నాకేం కాదు.

అగో, మీ బండాయన ఎడ్లను కడుతున్నడు. లేస్తరా? ఒక్క నిమిషం సారూ. ఒక్కటి మిగిలింది. ఎవ్వరికి చెప్పలే. ఏసమ్మకు గూడ చెప్పలే.

తండా మీదికి పోయి రంగిని వద్దని చెప్పుడు నా వశం కాలే. గందుకే అది ఇంక వస్తది. దినాం కాదు, వస్తది. గా రాయి మీద కూసుంటది. పలక మీద బాపు పేరు రాసియ్యుమన్నది, రాసిచ్చిన. సూసి రాసుకుంటది, తుడుస్తది, మళ్ల రాస్తది. తండాల అంటున్నరట, ఎవడో పైసలు తిని గేమ్యాను పట్టిచ్చిండని. వాడెవడో తెలిస్తే బాగుండు పంతులమ్మా అన్నది నాతోటి. తెలుగులనే అన్నది. ఇప్పుడు తెలుగు మంచిగ వస్తున్నది దానికి.

గా దినం అది చెప్పుడు అయిపోయినంక నేనేం జేసిన్నో మీకు చెప్పలే గద.

దాని కాడికి పోయిన. తల నిమిరిన. శభాష్ బిడ్డా అన్న. సగం మాటలు తెల్వకుంటనే అన్న. పిల్లలందరితోటి సప్పట్లు కొట్టించిన. సుబేదారు గూడ కొట్టిండు.

రంగి నవ్వింది సారూ. పండ్లన్ని కనబడేటట్టు నవ్వింది. అది నవ్వంగ నేను సూసింది గదొక్కసారే.

గా దినం పాఠం అందరికంటె మంచిగ చెప్పిన అనే అనుకుంటున్నది అది, ఇప్పటికి.